కురచ పిడి బాడిస

దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత విల్లాను కూలగొట్టబోతున్నారని తెలిసి, ఆ శుక్రవారం పొద్దున్నే భావన కారు తీసుకుని బయల్దేరింది. విల్లాలోని సామానంతా ఇక్బాల్ టోకున కొన్నాడు. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చి పాతికేళ్ళుగా దోహాలో పాత సామాన్ల వ్యాపారం చేస్తున్న మనిషి. మంచాలూ ఫ్రిజ్‌లూ గేటు దగ్గరే అమ్ముడుపోతాయి. భావనకు కావలసినవి మాత్రం ఎప్పుడూ వెనక పెరట్లో, నీలం టార్పాలిన్ మీద కుప్పగా పడి ఉంటాయి. తుప్పు పట్టిన ఉలులు, పళ్ళు ఊడిన రంపాలు, పిడి లేని సుత్తులు.

వాటిని ఏరడమే ఆమె ఉద్యోగం. ఉత్తర తీరంలోని మదీనత్ అల్ షమాల్‌లో ఒక ఖతరీ పెద్దాయన, తన తండ్రి పడవలు కడుతూ బతికిన పాత ఇంటిని చిన్న ప్రదర్శనశాలగా మారుస్తున్నాడు. ఆ పని చేపట్టిన డిజైన్ ఆఫీసులో భావన పాత పనిముట్లు వెతికి, ఏది ఏమిటో గుర్తించి, వాటి పక్కన పెట్టే లేబుళ్ళు రాస్తుంది. మూడేళ్ళుగా ఇదే పని. తన కన్ను మీద తనకు గొప్ప నమ్మకం.

ఆ రోజు టార్పాలిన్ దగ్గర అప్పటికే ఒకతను గొంతుకూర్చుని ఉన్నాడు. ముప్పై దాటి ఉండవు. ఉతికి ఉతికి వెలిసిన చొక్కా, చేతుల మీద పాత గాట్లు. వెడల్పాటి ఇనుప ముక్క ఒకటి పట్టుకుని, అంచు మొండిబారింది గానీ ఇనుము మంచిదని, గ్రైండర్ మీద పెడితే బంగారం లాంటి ఉలి అవుతుందని ఇక్బాల్‌తో చెబుతున్నాడు.

"దాన్ని గ్రైండర్ మీద పెట్టకండి," అంది భావన, తనకు తెలియకుండానే.

అతను తలెత్తి చూశాడు. "ఎందుకు మేడం?"

"అది ఉలి కాదండీ. పడవ చెక్కల సందుల్లో దూది దూర్చి కొట్టే ఇనుము. అంచు మొండిగానే ఉండాలి. పదును పెడితే దూది తెగిపోతుంది."

చిన్నప్పుడు సెలవులకు తాళ్ళరేవులో అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు, గోదావరి పాయ పక్కన పడవలు కట్టేవాళ్ళు అలాంటి ఇనుముతో రోజంతా టక్కు టక్కుమని కొట్టడం ఆమె చూసింది. అతను వాదిస్తాడేమోనని ఇంకో నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుంది. అతను వాదించలేదు. బొటనవేలితో అంచు తడిమాడు. మధ్యలో సన్నటి గాడి తగిలినట్టుంది, తల ఊపి ఆ ఇనుము ఆమె చేతికిచ్చేశాడు. తన దగ్గరుంటే పాడు చేసేవాణ్ణని కూడా ఒప్పుకున్నాడు.

గెలిచిన ఊపులో భావన చేయకూడని పని ఒకటి చేసింది. సంచిలోంచి తన గర్వకారణాన్ని తీసి చూపించింది. రెండు నెలల కింద ఇలాంటి అమ్మకంలోనే దొరికిన, కట్టె చెక్కే బాడిస అది. అరవై ఏళ్ళ నాటిదని, ఇక్కడి పడవ వడ్రంగులు వాడినదని, పోల్చి చూసుకోవడానికి ఎప్పుడూ వెంట తెచ్చుకుంటానని చెప్పింది.

అతను దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గాలిలో ఒక్కసారి ఆడించాడు. పెదవుల చివర నవ్వు లాంటిది కదిలింది.

"గిది ఈడిది కాదు మేడం. మా దిక్కుది. జగిత్యాల దిక్కుది."

భావన మొహం వేడెక్కింది. తను ఏ పుస్తకాలు చూసిందో, ఏ ఫోటోలతో పోల్చిందో వరసగా చెప్పింది. అతను అంతా విని, బాడిసను జాగ్రత్తగా పిడి వైపు నుంచి అందించాడు. "మీరు చదువుకున్నోళ్ళు. మీరన్నట్టే ఉండొచ్చు," అన్నాడు. మామూలుగానే అన్నాడు. భావనకు మాత్రం అది వెక్కిరింతలా వినిపించింది. ఇంటికి వెళ్ళే దాకా ప్రతి సిగ్నల్ దగ్గరా ఆ మాటకు ఒక కొత్త జవాబు తట్టింది.

జవాబులు అయిపోయాక అనుమానం మొదలైంది.

ఆఫీసు రిపోర్టులో ఆ బాడిసది మొదటి పేజీ. పెద్దాయనకు ఫోటో పంపితే, మా నాన్న చేతిలో ఇలాంటిదే ఉండేదని మురిసిపోయాడు. లేబుల్ అచ్చుకు కూడా వెళ్ళింది. అయినా ఒక మధ్యాహ్నం భావన స్కేలు పెట్టి కొలిచింది. పుస్తకాల్లోని గల్ఫ్ బాడిసలన్నిటికీ పిడి పొడుగు. తన దానికి జానెడు కంటే కాస్త ఎక్కువ. పాత పిడి విరిగితే కొత్తది వేసి ఉంటారని అప్పట్లో సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ సర్దుబాటు నిలవడం లేదు.

ఇక్బాల్‌ను అడిగితే చెప్పాడు. అతని పేరు మారుతి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చెక్కపని వర్క్‌షాపులో చేస్తాడు, శుక్రవారాలు ఏషియన్ టౌన్ దగ్గర ఊరికి పోయేవాళ్ళు సామాన్లు అమ్ముకునే చోట తిరుగుతుంటాడు. భావన రెండు శుక్రవారాలు వెళ్ళింది. మూడోసారి దొరికాడు.

బాడిస చూడగానే అతనికి విషయం అర్థమైంది. పక్కనే పడి ఉన్న ప్యాకింగ్ కట్టె ముక్క తెచ్చుకుని, నేల మీద కూర్చుని, దాన్ని కాలి కింద అదిమిపెట్టాడు. నాలుగు దెబ్బలు. పలచటి పొరలు అప్పడాల్లా లేచి పక్కకు రాలాయి.

"నిలబడి చెక్కేటోళ్ళకు పొడుగు పిడి గావాలె," అన్నాడు. "కూసోని, కట్టె కాలి కింద పెట్టుకొని చెక్కేటోళ్ళకు గింతే సరిపోతది. మా బాపు గిట్లనే చెక్కుతడు. గీ పిడి తుమ్మకట్టె. ఇనుము మీద గీ మూడు చుక్కలు కమ్మరాయన గుర్తు."

భావన పక్కనే గొంతుకూర్చుని చూసింది. పిడి మీద, ఇనుముకు దగ్గరగా, చిన్న గుంట పడి ఉంది. అది దెబ్బ తగిలి పడిన సొట్ట అని తను రిపోర్టులో రాసింది. అతని బొటనవేలు సరిగ్గా అక్కడ కుదురుకుంది. ఎవరో ఒక మనిషి ఏళ్ళ తరబడి అక్కడే వేలు పెట్టి పని చేసుకున్నాడు. ఇంత కాలం చేతిలో పెట్టుకుని తిరిగి, అది తనకు కనపడలేదు.

"నేను తప్పు చదివాను," అంది.

"తప్పేం కాదు. మీరు దీనితోని పని చెయ్యలేదు గద," అన్నాడు మారుతి. ఈసారి వెక్కిరింత లేదని ఆమెకు తెలిసింది. మొదటిసారి కూడా లేదేమోనన్న ఆలోచన వచ్చింది.

అలా మొదలైంది. చలికాలం శుక్రవారాలన్నీ పాత సామాన్ల మధ్యే గడిచాయి. అతనికి ఇనుము తెలుసు. గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది మంచి ఉక్కు, ఇది ఉత్త రేకు అని చెప్పేవాడు. ఆమెకు అక్షరాలు తెలుసు. తుప్పు కింద దాగిన కంపెనీ ముద్రను భూతద్దంతో చదివి, ఏ దేశంలో ఏ కాలంలో చేశారో ఫోన్లో వెతికి చెప్పేది. చెక్కను నునుపు చేసేదాన్ని ఆమె చిత్రిక అంటే అతను రందా అనేవాడు. ఎవరి మాట సరైనదని తేల్చడానికి ఇక్బాల్‌ను నిలబెడితే, అతను రందా ఉర్దూ మాట అని మారుతి వైపు మొగ్గాడు. భావన అతన్ని పక్షపాతి అని వారం రోజులు పలకరించలేదు.

ఒకసారి రెండు వైపులా వంకీలు తిరిగిన చిత్రమైన ఇనుము దొరికింది. పడవ తాళ్ళు బిగించేదని భావన, మంచాలకు నవారు లాగేదని మారుతి పదిహేను రోజులు వాదించుకున్నారు. వాయిస్ మెసేజీల నిండా అదే. చివరికి ఇక్బాల్ చూసి, అది కసాయి కొట్టులో మాంసం వేలాడదీసే కొక్కెమని చెప్పాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వు ఆగాక కూడా చూపులు ఒక క్షణం అక్కడే ఉండిపోయాయి. ముందుగా మారుతి తల దించుకుని, అక్కరలేని ఒక రంపాన్ని శ్రద్ధగా పరిశీలించాడు.

ఎప్పుడు మొదలైందో భావనకు తెలియదు గానీ, గురువారం సాయంత్రాలు ఏ కుర్తీ వేసుకోవాలా అని అల్మారా ముందు నిలబడటం అలవాటైంది. అతను మేడం అనడం మానేసి ఉత్త మీరు అనడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు, అదాటున నోరు జారినట్టు, నువ్వు అన్నాడు. ఆమె సరిదిద్దలేదు. ఇష్టం మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఆమె ఇంట్లో నాన్న కృష్ణప్రసాద్ ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ఎలక్ట్రికల్ ఇంజినీరు, అమ్మ శకుంతల ఆమె కోసం సంబంధాలు చూస్తోంది. అతనుండేది కార్మికుల క్యాంపులో, ఒక గదిలో ఆరుగురితో. తెలిసిన సంగతులే కాబట్టి ఎవరూ చెప్పుకోలేదు.

జనవరిలో ప్రదర్శనశాల పనులు చివరికొచ్చాయి. అద్దాల షోకేసులు బిగించే కాంట్రాక్టు మారుతి వర్క్‌షాపుకే వచ్చింది. ఒక ఉదయం భావన మదీనత్ అల్ షమాల్‌కు వెళ్ళేసరికి అతను హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని మరలు బిగిస్తున్నాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. పేరు పెట్టి పిలిచాడు.

పక్కన ఆమె మేనేజరు నిరంజన్ ఉన్నాడు. ఆయన కాస్త ఆశ్చర్యంగా, ఎవరతను, నీకు తెలుసా అని అడిగాడు.

"షోకేసులు బిగించడానికి వచ్చారు," అంది భావన.

అబద్ధం కాదు. కానీ అన్న మరుక్షణమే అది నిజమూ కాదని ఆమెకు తెలిసింది. మారుతి విన్నాడు. మొహంలో వెలుగు మెల్లగా తగ్గి, మళ్ళీ మరల వైపు వంగాడు.

నిరంజన్ ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్ళాక ఆమె దగ్గరికి వెళ్ళింది. అప్పటికి అతను పడవల గదిలో, మధ్య షోకేసు ముందు నిలబడి ఉన్నాడు. లోపల బాడిస. పక్కన లేబుల్. ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. గల్ఫ్ పడవ వడ్రంగి బాడిస, అరవై ఏళ్ళ నాటిది.

మార్చలేదు ఆమె. అచ్చయిపోయింది కదా, ప్రారంభోత్సవం కానిచ్చి చెబుదాం అనుకుంటూ రెండు నెలలు గడిపేసింది.

"మారుతీ, నేను చెబుదామనే..."

"గీ బాడిస పట్టుకొని ఆ మనిషి ఈడికొచ్చిండు," అన్నాడు అతను, గొంతు పెంచకుండా. "పని చేసిండు. ఉన్నడో పోయిండో తెల్వదు. ఉన్నదొక్కటే గుర్తు. దాన్ని గూడ వేరేటోళ్ళ పేరు మీద రాస్తివి." అద్దం మీద పడిన తన వేలిముద్ర తుడిచాడు. "నన్ను గురించి నువ్వు ఏం చెప్పినా నేను ఏమనుకోను. నేను బతికున్న, రేపు నా సంగతి నేను చెప్పుకుంట. ఆయన చెప్పుకోలేడు గద."

అతను మిగిలిన మరలన్నీ బిగించి, అద్దాలు తుడిచి, వెనక్కి చూడకుండా కంపెనీ వ్యాన్ ఎక్కాడు.

ఆ మధ్యాహ్నం దోహా వైపు వస్తుండగా వాన పట్టుకుంది. ఈ ఎడారిలో ఏడాదికి నాలుగు రోజులు పడే వాన. అందరూ కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు. భావన కూడా పక్కకు ఆపింది. వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఏడుస్తూనే ఒక సంగతి ఒప్పుకుంది. లేబుల్ విషయంలోనూ, మారుతి విషయంలోనూ తను చేసింది ఒకటే తప్పు. తెలిసిన నిజాన్ని, ఎవరేమనుకుంటారోనని పక్కకు నెట్టింది. రెండోది సరిదిద్దాలంటే మొదటిదాంతో మొదలుపెట్టాలనిపించింది. కారు వెనక్కి తిప్పింది.

పెద్దాయన ఆ పాత ఇంటి మజ్లిస్‌లో, అతిథుల గదిలో, దిండుకు ఆనుకుని అరబ్బుల కాఫీ ఖావా తాగుతున్నాడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయి రేవుకు తిరిగిన మనిషి, హిందీ బాగా వచ్చు. భావన తడిసిన దుపట్టాతోనే నిలబడి, బాడిస మీ నాన్నగారి పనివాళ్ళది కాదని, తెలిసి కూడా దాచానని చెప్పింది. పక్కనే ఉన్న నిరంజన్ మొహం మాడిపోయింది. రిపోర్టు, లేబుల్, అన్నీ మళ్ళీ చేయాలని, ఇలాంటి విషయం ముందు తనకు చెప్పకుండా ఇక్కడికెలా వచ్చావని తెలుగులో గొణిగాడు.

పెద్దాయన లేచి వెళ్ళి, షోకేసు తెరిపించి, బాడిసను చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు కోపం వచ్చింది. ఆ గది తన తండ్రిదని, అందులో అబద్ధం ఉండకూడదని ఖచ్చితంగా చెప్పాడు. భావన తల వంచుకుంది. తర్వాత ఆయన బాడిస పట్టుకునే వీధి గుమ్మం దాకా నడిచి, బరువైన టేకు తలుపుల ముందు ఆగాడు.

"ఈ తలుపులు చేసింది హింద్ నుంచి వచ్చినవాళ్ళు," అన్నాడు. "కూర్చునే చేసేవారు. నేను చూశాను. పేర్లు అడగలేదు. దీన్ని ఇక్కడ పెట్టించు. ఏం రాయాలో, నీకు నిజం చెప్పినవాణ్ణే అడుగు."

అడుగుదామంటే మారుతి ఫోన్ ఎత్తలేదు. ఆ రోజూ, మర్నాడూ. మూడో రోజు సాయంత్రం భావన అమ్మానాన్నలను కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. వడ్రంగి అనగానే శకుంతల లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మాత్రం వినిపించింది. కృష్ణప్రసాద్ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అతనికి నువ్వంటే ఇష్టమేనా అని అడిగాడు. ఉండేదని, ఇప్పుడు తెలియదని కూతురు చెప్పింది. అయితే ముందు అది కనుక్కుందాం పద అన్నాడాయన.

శుక్రవారం ఏషియన్ టౌన్ దగ్గర, క్రికెట్ గ్రౌండ్ గోడ పక్కన, మారుతి ఒక్కడే టీ తాగుతున్నాడు. భావన వెనక పెద్దమనిషిని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె ముందు బాడిస సంగతే చెప్పింది. దాన్ని పాత లేబుల్‌తో సహా పడవల గదిలోంచి తీసేశారని, తలుపుల దగ్గర పెడుతున్నారని చెప్పి, కొత్త లేబుల్ కోసం పెన్ను తీసి, ఏం రాయమంటావని అడిగింది.

అతను పెన్ను వైపు చూశాడు. "పేరు తెలియదని రాయి. జగిత్యాల దిక్కు వడ్లాయన అని రాయి. కూసోని పని చేసేటోడని రాయి."

వడ్లాయనను వడ్రంగి అని మార్చకుండా, ఆమె అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. పెన్ను మూత పెట్టి, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఈయన మారుతి. నాకు ఇష్టమైన మనిషి. పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. ఇంకా ఆయన్ని అడగలేదు."

మారుతి చెవులు ఎర్రబడ్డాయి. టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు మార్చుకున్నాడు. "ముందు నన్నడగాలె గద," అన్నాడు చివరికి.

"ఫోన్ ఎత్తితే అడిగేదాన్ని."

"కోపంల ఉన్న."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు," అన్నాడు. తర్వాత, కృష్ణప్రసాద్ ఉన్నాడని గుర్తొచ్చినట్టు మెల్లగా చెప్పాడు. "నాకు ఎప్పటి సందో ఇష్టమే, సార్. అడిగే ధైర్యం లేకుండె."

కృష్ణప్రసాద్ తనకూ ఒక టీ చెప్పి గోడ మీద కూర్చున్నాడు. అడగవలసినవన్నీ అడిగాడు. మారుతి ఏదీ దాచలేదు. పదో తరగతి, ఆపైన ఐటీఐ. కంపెనీ కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఊళ్ళో ఇప్పుడందరూ ఫ్యాక్టరీ తలుపులే కొంటున్నారు కాబట్టి, తిరిగి వెళ్ళాక పాత ఇళ్ళ చెక్కపని బాగుచేసే వర్క్‌షాపు పెట్టాలని ఉంది. కృష్ణప్రసాద్ అవునని గానీ కాదని గానీ అనలేదు. మీ వాళ్ళతో మాట్లాడాలి, ఫోన్ కలుపు అన్నాడు.

వీడియోలో ముందు తల్లి నర్సవ్వ కనిపించింది. సంగతి విని, దుబాయ్‌ల ఉండే పిల్లనా అని అడిగింది. ఖతర్ అమ్మా అన్నాడు కొడుకు. ఏదైతే ఏంది, అదీ దుబాయే గద అని తేల్చేసి, భావనను ముందుకు పిలిచి తనివితీరా చూసింది. తండ్రి రాజేశం భుజం మీది తువ్వాల సర్దుకుంటూ ఫోన్ అందుకున్నాడు. తక్కువ మాట్లాడే మనిషిలా ఉన్నాడు.

"బిడ్డా, మా వోనికి కోపమెక్కువ. నీకు చెప్పిండా?"

"చెప్పలేదండీ. చూపించాడు."

అవతల నర్సవ్వ నవ్వడం వినిపించింది. ఇవతల కృష్ణప్రసాద్ కూడా నవ్వేశాడు. ఫోన్ పెట్టేశాక ఆయన లేచి, ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"వచ్చే శుక్రవారం మా ఇంటికి భోజనానికి రా బాబూ. మా ఆవిడ మొదట మాట్లాడదు, కంగారు పడకు. రెండోసారి పప్పు వడ్డించిందంటే కొంచెం మెత్తబడిందని అర్థం."

ఏం తీసుకుని రావాలని మారుతి అడిగాడు. చేతులూపుకుంటూ వచ్చెయ్యమంది భావన.

ఆ శుక్రవారం అతను ఇస్త్రీ చేసిన చొక్కాతో, చెప్పిన వేళకు పది నిమిషాల ముందే వచ్చాడు. శకుంతల తలుపు తీసి, కూర్చోమన్నట్టు చెయ్యి చూపించి లోపలికి వెళ్ళింది. భోజనాల దగ్గర ఒక్క మాట లేదు. అందరికీ ఒకసారి వడ్డించి తనూ కూర్చుంది. అతని కంచంలో పప్పు అయిపోయింది. ఆమె చూసింది. వడ్డించలేదు. ఇంకాసేపు తన అన్నం తను కలుపుకుని, తలెత్తకుండానే పప్పు గిన్నెను ఎడమ చేత్తో అతని ముందుకు జరిపింది.

కృష్ణప్రసాద్ కూతురి వైపు చూసి, ఈ పూటకు చాల్లే అన్నట్టు కళ్ళతోనే చెప్పాడు. మారుతి గిన్నె దగ్గరికి తీసుకుని, రెండు గరిటెలు వేసుకున్నాడు.